సక్కగ లేని కుర్చీ

మా బ్రహ్మచారన్నకు ఒకే ఒక్క పిచ్చి. కుర్చీ కనబడితే తలకిందులు చేసి చూడందే ఊరుకోడు. చూశాక ఎలాగూ కూర్చోడు. "సక్కగ లేదు" అని నిలబడతాడు.

సూరత్‌లో, బమ్రోలిలో, ఆయనదీ నాదీ ఒకే గల్లీ, ఒకే మగ్గాల కార్ఖానా. పన్నెండు గంటలు నిలువుకాళ్ల కొలువు. "దినమంత నిలబడేటోడు, కూసున్న రెండు నిమిషాలన్న సక్కగ కూసోవద్దా?" అని ఆయన వాదన. వాదన బాగానే ఉంది. దాన్ని ఆయన అమలుచేసే తీరుతోనే మా ప్రాణం పోయేది.

మా కార్ఖానాలోనే పనిచేసే కమలాకర్ పెళ్లి రిసెప్షన్‌లో పెళ్లికొడుకును లేపి మరీ కుర్చీ తిరగేశాడు.

"ఏందే చారన్నా, ఫొటోలు దిగాలె!"

"నడుం వంకరబోతే ఫొటోల గూడ వంకరనే వస్తవు. జర లెవ్వు."

తర్వాత నా వంతు వచ్చింది. దీపావళి బోనస్‌తో కొన్న చెక్క కుర్చీ. మా ఆవిడ ఇంకా దాని దుమ్మయినా తుడవలేదు. "సక్కగ లేదు, రిపేర్ జేసి తెస్త" అని నెత్తిన పెట్టుకుని పోయాడు. ఊళ్లో వడ్రంగం చేసిన చేతులు కదా అని ఊరుకున్నాను. నెల దాటింది. కుర్చీ మాట ఎత్తకుండా మా ఆవిడ నాకు ఒక్క పూటా అన్నం పెట్టలేదు.

సెలవురోజు తగువుకు తయారై వెళ్లాను. చారన్న మా గల్లీలోనే ఉండే సమ్మక్క గదిలో ఉన్నాడన్నారు.

సమ్మక్క కూతురు సుప్రజకు ఆరేళ్లు. పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు డాక్టర్లు. మెడ, నడుము నిలవవు. పొద్దంతా తల్లి ఒళ్లో పట్టుకోవలసిందే. ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించే పని అలాగే పోయింది.

లోపల నా కుర్చీ ఉంది. కాళ్లు సగానికి కోసి, మెత్తటి పట్టీలు బిగించి, ముందు చిన్న బల్లలా ఒక చెక్కపలక అమర్చాడు. అందులో సుప్రజ నిటారుగా కూర్చుంది.

"గిదేంది చారన్నా, కాళ్లు కోసినవ్?"

"కొయ్యకపోతే పోరి పాదాలు ఆనవు. ఊకో."

"ఏడాది సంది దీనికి పనికొచ్చే కుర్చీ ఎతుకుతుండన్నా" అంది సమ్మక్క. మా అందరి కుర్చీలూ ఎందుకు తలకిందులయ్యాయో అప్పుడు తెలిసింది.

మొదట పిల్లను పడుకోబెట్టి కొలిచాడట. కూర్చోబెడితే జారిపోయింది. బస్తీకి వారం వారం వచ్చే ఫిజియోథెరపీ మేడం ఆ కుర్చీని తలకిందులు చేసి చూసి, బాగాలేదు పొమ్మందట. ఈయన నోరెత్తకుండా మూడుసార్లు విప్పి బిగించాడు.

సుప్రజ పలక మీద ఠపఠపా కొట్టి నన్ను చూసి నవ్వింది. సమ్మక్క ఒళ్లో చీర, చేతిలో కత్తెర ఉన్నాయి. "ఇయ్యాల ఉడుకుడుకు అన్నం తిన్ననన్నా" అంది. తెచ్చుకున్న కోపం ఎటు పోయిందో, నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

"మరి మా ఇంటిదానికి ఏం జెప్పాలె?"

"కుర్చీ సక్కగైందని చెప్పు."

అలా అని చారన్న గోడకానుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.