అవ్వ కడిగిన ముక్క

పశువైద్యంలో నా పరిశోధనంతా ఒక చిన్న సీసా మీద నడిచింది. అందులో ఉన్నది యాంటీబాడీ. పొట్టేలు వృషణంలో, బీజకణాల్లో మాత్రమే ఉండే ఒక ఎంజైమును వెతికి దానికే అంటుకుంటుంది. అంటుకున్నచోట మైక్రోస్కోపులో ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరిస్తే నాకు పట్టా. లేకపోతే ఇన్నేళ్ల చాకిరీ గంగపాలే. సీసాలో రెండు పరీక్షలకు సరిపడా మిగిలింది. అది అయిపోతే ఇంకోటి తెప్పించలేమని మా సారు ముందే చెప్పేశారు.

వృషణం ముక్క తాజాగా కావాలి. చొప్పదండిలో మా ఇంటి దగ్గరి మటన్ కొట్టుకు వెళ్లాను. కొట్టు చాచా నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. నేనడిగింది విని కత్తి పక్కన పెట్టి తల దించుకున్నాడు.

"గా సామాను ఆడపిల్లకు నేనెట్ల ఇస్త బిడ్డా? మీ అవ్వను పంపియ్యి."

పశువుల డాక్టరునైనా చాచా ముందు ఆడపిల్లనే. అవ్వ వెళ్లి, సన్నగా కోయించి, టిఫిన్ డబ్బాలో పెట్టి, చుట్టూ ఐసు వేసి ఇచ్చింది. నేను కరీంనగర్ బస్సెక్కాను.

ల్యాబులో యాంటీబాడీ వేసి చూస్తే స్లైడంతా ఆకుపచ్చగా వెలిగిపోయింది. ఎగిరి గంతేసి, ఫొటో తీసి అవ్వకు పంపాను. ఆ తర్వాత, పద్ధతి కాబట్టి, యాంటీబాడీ వేయని స్లైడు పెట్టాను. అది నల్లగా ఉండాలి. అదీ అంతే వెలిగింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"అవ్వా, ముక్కకు ఏం జేసినవ్?"

"ఏం జేస్త? ఉప్పు, పసుపు రాసి మంచిగ కడిగిన. పది మందిల పెట్టేది, నీసు వాసనొస్తె నిన్ను నవ్వరా?"

మైక్రోస్కోపు దీపం కింద పసుపు తనంతట తానే ఆకుపచ్చగా మెరుస్తుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, ఆ మాట చెప్పి ఒంటికాలి మీద లేచాను. ఫోన్ పెట్టేశాక ఆమె మాటే చెవిలో తిరిగింది. మిగిలినదాంట్లో సగం పోయిందని నా ఏడుపు. నన్ను చూసి ఎవరైనా నవ్వుతారేమోనని ఆమె దిగులు. అంత ప్రేమ మీద ఎంతసేపని కోప్పడను?

రెండోసారి నేను రోడ్డుకు ఇవతలే నిలబడ్డాను. అవ్వ మూత తీసిన డబ్బాను చేతులు చాచి దూరంగా పట్టుకుంది. చాచానే ముక్కలు అందులో వేశాడు.

"నేను ముట్టలే భాయ్, నువ్వే సాక్ష్యం," అంది నాకు వినపడేలా.

సీసాలో మిగిలిన చివరి చుక్కలు వేశాను. ఈసారి యాంటీబాడీ లేని స్లైడే ముందు చూశాను. కటిక చీకటి. రెండోదాంట్లో సన్నని ఆకుపచ్చ వలయాలు, బీజకణాలున్న చోట మాత్రమే. కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి అవ్వకు ఫోన్లో ఫొటో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. మొహం చిన్నబోయింది.

"గింతేనా బిడ్డా? మొన్న మొత్తం మెరిసె గదా. గిట్లయితె పాస్ చేస్తరా?"

"చేస్తరవ్వా" అని ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. నా చెవి దగ్గర గొంతు తగ్గించి అంది:

"ఎవలు సూడకుంట జర పసుపు రాయకపోయినవే."