బారసాల నాటి బొకేలు

ఈ సాయంత్రం ఇంటికి మళ్లీ ఒక బొకే వచ్చింది. మా ఆయన ఎడిట్ చేసిన సినిమా బాగా ఆడుతోందని ఎవరో పంపారు. తలుపు తీసింది అత్తయ్య. పాప పంతం పట్టి పెంచుకుంటున్న పిల్లికూన తోకెత్తుకుని ఆవిడ వెనకే గుమ్మం దాకా పరిగెత్తింది. పూలకు చుట్టిన జిగేలు కాగితం గరగరలాడగానే నేను లేచాను. పాపను పడుకోబెట్టాక కూడా మనసు కుదుటపడలేదు, అందుకే రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్‌లో బొకేలకు కరువు లేదు. సినిమా మొదలైతే ఒకటి, పాట విడుదలైతే ఒకటి. పొద్దున ఒకరికి వచ్చింది సాయంత్రానికి ఇంకొకరింట్లో తేలుతుంది. నాలుగేళ్ల కిందట మా పాప బారసాలకు వచ్చిన ఒకదాని మీద "ఘనవిజయానికి అభినందనలు" అని చీటీ ఉంది. ఉయ్యాలలో పిల్ల ఏ హిట్టు కొట్టిందోనని అందరం పడీ పడీ నవ్వాం.

అప్పుడు మా ఇంట్లో రీలు అనే పిల్లి ఉండేది. ఎడిటింగ్ రూము మెట్ల కింద మా ఆయనకు దొరికింది, పాపకన్నా ముందే ఇంటిది అయింది. మా అమ్మ లేదు గనక నాకు పురుడు పోయడానికి అత్తయ్యే భీమవరం నుంచి వచ్చారు, తర్వాత ఇక్కడే ఉండిపోయారు. ఆవిడకు దాని పొడ గిట్టదు. "పాల వాసనకి రాణీగారు ఉయ్యాలెక్కిందంటే పసిగుడ్డుకి ఊపిరాడదే అమ్మాయ్! దాన్ని బయటికి పంపుతావా, నన్ను భీమవరం పంపుతావా?" అనేవారు. బోరబండ నుంచి వచ్చే పనామె ఊరుకునేది కాదు. "గట్లంటరేందమ్మా? ఇంట్ల మీకంటె అదే నిమ్మళంగుంటది." అత్తయ్య మూతి ముడుచుకునేవారు. చేప తల మాత్రం వేడి చల్లార్చి దానికే వేసేవారు. నాకూ భయమే. దాని వెంట్రుకలు, గోళ్లు, ఊపిరి, అన్నిటి గురించీ ఫోనులో వెతికాను. పిల్లి వల్ల పాపకేమవుతుందోనని తప్ప, మా వల్ల దానికేమవుతుందోనని ఎన్నడూ వెతకలేదు.

బారసాల రోజు జనం మధ్య అది ఉయ్యాల దగ్గరికి రాకుండా వెనక గదిలో పెట్టి గొళ్లెం వేశాం. బొకేలు హాలు నిండిపోయాయి. దండల్లో గుచ్చే లిల్లీలు కావు, అరచేతంత వెడల్పున విచ్చుకుని, లోపల ఇటుక రంగు పుప్పొడితో ఉండే పెద్ద లిల్లీలు. ఆ ఘాటుకు పాపకు తుమ్ములొస్తాయని అత్తయ్య వాటన్నిటినీ బకెట్ నీళ్లలో పెట్టించి, ఆ వెనక గదిలోకే చేర్చారు. పాప క్షేమం కోసం పిల్లినీ పూలనూ ఒకే తలుపు వెనక ఉంచాం. భోజనాలయ్యాక తలుపు తీస్తే రీలు నుదుటి మీద ఎర్రటి పుప్పొడి. "చూశావా, బారసాలకి బొట్టెట్టుకుని తయారయింది!" అని అత్తయ్య నవ్వారు. అది తీరిగ్గా కూర్చుని, పంజా తడుపుకుంటూ మొహమంతా నాకి శుభ్రం చేసుకుంది.

మర్నాటికి వాంతులు. "జర సూడుండ్రమ్మా, నీళ్లు సుత ముడుతలేదు" అంది పనామె. ఎండకు సొమ్మసిల్లిందేమో అనుకుని ఇంకో రోజు చూశాం. జూబ్లీహిల్స్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదటే అడిగారు, ఇంట్లో లిల్లీలున్నాయా అని. పుప్పొడి నాకినా, అవి ఉంచిన నీళ్లు తాగినా కిడ్నీలు పోతాయట, వెంటనే తెస్తే ఆశ ఉండేదట. సెలైన్ పెట్టిన ఆ చిన్న కాలు పట్టుకుని కూర్చున్నాను. ఇంటి దగ్గర పాపకు ఆకలివేళయింది, పాలు చేపి జాకెట్టు తడిసింది. రీలు నా చేతిలోనే పోయింది.

అత్తయ్యకు ఏదో వైరస్ అని చెప్పాను. నాకు పథ్యం వండి, పాపకు నలుగు పెడుతున్న మనిషితో పూలు అక్కడ పెట్టించింది మీరే అని ఎలా అనడం? తర్వాత ఏ ఆకులో ఏ విషముందోనని ఇంట్లో మొక్కలు ఒక్కొక్కటే తీసి ఇచ్చేశాను. మనీప్లాంటు కూడా. గరిట చోటు మారినా ఆరా తీసే ఆవిడ, మొక్కలేవని మాత్రం అడగలేదు.

ఈ సాయంత్రం నేను లేచి వెళ్లేలోపు అత్తయ్య పిల్లికూనను కాలితో మెల్లగా లోపలికి నెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయటే నిలబడ్డారు. సందులోంచి చూశాను. బొకేలో నుంచి లిల్లీలను ఒక్కొక్కటే లాగి పాత పేపర్లో చుడుతున్నారు. మిగతా పూలను కూడా లోపలికి తేలేదు, అన్నీ కింద చెత్తడబ్బాలో వేసి వచ్చారు. మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నారు. కొంగుకు పుప్పొడి అంటిందేమోనని చీర కూడా మార్చుకున్నారు. వంటింట్లోకి వెళ్తూ, నా వైపు చూడకుండానే అన్నారు, "బొట్టెట్టుకుందని నవ్వాను కదే."

ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పారో అడగలేదు. ఆవిడ మీద పడకుండా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న నాలుగేళ్లను, పక్క గదిలో ఆవిడా మోస్తూనే గడిపారు.