మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే విజయనగరం నుంచి భోగాపురం వెళ్ళే బస్సుల్లో విభూతి, గంధం, కర్పూరం కలిసిన వాసన ఉంటుంది. నల్లబట్టల స్వాములు ఎక్కుతారు, కూర్చున్నవాళ్ళు లేచి చోటిస్తారు. మొన్న నా ముందు సీట్లో ఒకాయన కూర్చున్నాడు. మెడ మీద గంధం ఇంకా తడిగా ఉంది. ఆ వాసన తగలగానే నా భుజాలు బిగుసుకున్నాయి. ఆయన నన్నేమీ అనలేదు, కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. ఈయన మాల ఎప్పుడు తీస్తాడు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. అలా ఆలోచించడం పాపం కాదని నాకు చెప్పిన మనిషి సుభద్ర గారు. ఆమె ఈ వర్షాకాలంలో పోయారు.

సుభద్ర గారు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేసేవారు. తాగుడు మానలేనివాళ్ళు వచ్చేవారు, దెబ్బలు తిన్న పిల్లలు వచ్చేవారు, ఎవరూ పట్టించుకోని పిల్లలు వచ్చేవారు. ఆ పిల్లల్లో చాలామంది ఆ తాగేవాళ్ళ పిల్లలే. ఆమెది వయొలిన్ నేర్పే కుటుంబం. సంతాప సభలో ఒకాయన, అపశ్రుతిని పసిగట్టే చెవి ఆమెకు పుట్టుకతో వచ్చిందన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు తెలిసినంతలో ఆమె చెవిలో ప్రత్యేకత ఏమీ లేదు. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగేవారు. పిల్లను తీసుకొచ్చిన పెద్దమనిషి చెప్పింది విని, ఆ మనిషిని బయటికి పంపి, అదే మాట పిల్లను అడిగేవారు. రెండు జవాబులూ పొల్లుపోకుండా ఒకటే అయితే, నేర్పి తెచ్చారేమోనని ఇంకా ఎక్కువ అనుమానించేవారు.

నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది మా హాస్టల్ వార్డెన్. అప్పుడు నేను ఆరో తరగతి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా నాన్న నూకరాజు సముద్రం మీద వేటకెళ్ళేవాడు. మా నాన్నమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. నాన్న తాగిన రోజుల్లో పొయ్యి వెలిగేది కాదు. వెలిగితే, దాని ముందు కూర్చున్నవాళ్ళకు దెబ్బలు తగిలేవి. చదువు కంటే అన్నం దొరుకుతుందనే నన్ను గురుకులంలో చేర్పించింది నాన్నమ్మ. అక్కడ నా ట్రంకుపెట్టెలో ఇడ్లీ ముక్కలు, అన్నం ముద్దలు దొరికాయి. పాచిపోయి, చీమలు పట్టి ఉన్నాయి.

“దొంగబుద్ధి మేడమ్. కడుపునిండా పెడుతున్నాం. అయినా దాస్తోంది,” అంది వార్డెన్.

“ఎవరిదైనా తీసిందా?”

“లేదండీ, తన కంచంలోదే.”

“తన కంచంలోది తను దాచుకుంటే దొంగతనం ఎలా అవుతుందండీ?” అని ఆమెను బయట కూర్చోమన్నారు సుభద్ర గారు.

ఎందుకు దాస్తున్నావని నన్ను అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్ళాను, అది వృథా అయింది. మూత గట్టిగా పట్టే రేకుడబ్బా ఒకటి తీసిచ్చారు. అటుకులు, వేరుశనగలు పెట్టుకోమన్నారు. అవి త్వరగా పాడవవు, చీమలు కూడా దూరవు.

“ఎవులికి సూపించాల?” అన్నాను.

“ఎవరికీ అక్కర్లేదు.”

నేను నమ్మలేదు. తీపిగా మాట్లాడినవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారో నాకు తెలుసు. మూత కింద ఒక వెంట్రుక అడ్డంగా పెట్టి, ఎవరైనా తెరుస్తున్నారేమోనని రోజూ చూసుకునేదాన్ని. ఇంకోసారి వెళ్ళినప్పుడు ఆమె, “డబ్బా ఎవరూ తెరవట్లేదని నీకెలా తెలుస్తోంది?” అని మామూలుగా అడిగారు. వెంట్రుక సంగతి చెప్పేశాను. ఆమె నవ్వలేదు. “మంచి పద్ధతే. మానకు,” అన్నారు. అప్పటిదాకా అందరూ నన్ను అనుమానం పిల్ల అని వెక్కిరించినవాళ్ళే. నా అనుమానానికి పని ఉందన్న మనిషి ఆమె ఒక్కరే. అయినా ఆమెను కూడా నమ్మడం మొదలుపెట్టలేదు.

ఆ ఏడు కార్తీకంలో నాన్న మాల వేసుకున్నాడు. దీక్షలో ఉండగానే నాన్నమ్మను వెంటబెట్టుకుని స్కూలుకొచ్చాడు. నన్ను చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానన్నాడు. ముసలమ్మకు చేతకావట్లేదు, ఇంట్లో ఆడపిల్ల ఉండాలి, నేను తాగుడు మానేశాను, అన్నాడు. వార్డెన్ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. వంటవాళ్ళు పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు, పెట్టాను. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రమైన నాన్న కాళ్ళు నేనెప్పుడూ చూడలేదు. అందుకే భయమేసింది. సుభద్ర గారు సరేనంటే పంపుతామని స్కూలువాళ్ళు అన్నారు. అందరం ఆసుపత్రికి వెళ్ళాం.

ఆమె లేచి నిలబడి, “స్వామి శరణం” అని చేతులు జోడించారు. ఈమె కూడా అంతే అనుకున్నాను.

“మాల వేసుకున్న కొత్తలో ఒంట్లో ఎలా ఉండేది స్వామీ?”

నాన్న మాట్లాడేలోపే నాన్నమ్మ అందుకుంది. “సామి ఒంటిమీదికొచ్చీసాడమ్మా! మూడోనాడు ఒకటే వనుకు. గోడ మీద సేపలు పాకుతన్నాయి, తియ్యండే, తియ్యండే అని కేకలు. ఊరూరంతా ఒచ్చి ఆరతిచ్చినారు.”

సుభద్ర గారి ముఖం మారింది. “అమ్మా, అది స్వామి రావడం కాదు. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా మందు ఆపితే అలా అవుతుంది. ప్రాణం పోయేది. ఆసుపత్రికి తీసుకురావాల్సింది.”

“నీకేటి తెలుసే! నా కొడుక్కి దేవుడొచ్చాడంటే నమ్మవా? దేవుడి మీదే అనుమానమా నీకు?”

“దేవుడి మీద కాదమ్మా,” అన్నారు. ఆమె గొంతు పెరగలేదు. నాన్న వైపు తిరిగారు. “మాల ఎప్పుడు తీస్తారు?”

“కొండ దిగొచ్చాక, గుళ్ళోన.”

“ఆ మర్నాడు ఏం చేస్తారు?”

నాన్న తల తిప్పి నాన్నమ్మ వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

“ఆ మర్నాడు తిన్నగా నా దగ్గరికి రండి. పిల్ల సంగతి ఆ రోజు మాట్లాడదాం. అప్పటిదాకా హాస్టల్లోనే ఉంటుంది,” అన్నారు సుభద్ర గారు.

నాన్నమ్మ మెట్లు దిగుతూ కూడా తిడుతూనే ఉంది.

మాల తీసిన మర్నాడు నాన్న రాలేదు. రోజులు గడిచాక, ఎవరూ వెంట లేకుండా, చిరిగిన లుంగీతో వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. గది బయట బల్ల మీద కూర్చుంటే లోపలి మాటలు వినిపించాయి. సుభద్ర గారు నాకొక మాట, నాన్నకొక మాట చెబుతారేమోనని చెవులు రిక్కించి విన్నాను.

“మాలలో ఉన్నన్నాళ్ళు ఊరందరూ కాళ్ళకి దన్నం ఎట్టీవోరు, మేడమ్ గారూ. సామీ, సామీ అనీవోరు. తీసిన పొద్దున్న ఆల్లే, ఒరే నూకా, ఇన్నాల్లు ఎండిపోనావురా, రారా అని సెయ్యట్టుకుని లాక్కెల్లీసారు. నానెల్లీసాను.”

“కూర్చోండి నూకరాజు గారూ,” అన్నారామె.

నాన్నను గారూ అని పిలవగా నేను వినడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. నన్ను కొట్టినవాడికి ఈ మర్యాదేమిటి, ఈమె ఎవరి పక్షం అనుకున్నాను. తర్వాత అదే మాట అడిగాను కూడా.

“దణ్ణాలు పెట్టినవాళ్ళు మాల తియ్యగానే ఒరే అన్నారు. నేను రెండు రోజులూ ఒకే మర్యాద ఇవ్వాలి కదా,” అన్నారు.

“మరి నా పక్షం?”

“నిన్ను ఇంటికి పంపలేదుగా.”

నాన్నను వార్డులో చేర్చుకున్నారు. డాక్టరు మందులు రాశాడు. మిగతా పని ఈమెది. అది తిన్నగా సాగలేదు. మానాడు, తాగాడు, మళ్ళీ వచ్చాడు. తాగి వచ్చిన రోజు కూడా నూకరాజు గారే. ఎవరెవరు పిలుస్తారు, ఏ దారిలో పిలుస్తారు, ఆ దారి వదిలేస్తే వలలు ఎటునుంచి మోసుకెళ్ళాలి అని కూర్చుని తేల్చుకునేవారిద్దరూ. నన్ను కొట్టడం గురించి కూడా మాట్లాడించారు. మొదటిసారి నాన్న, “తాగిన మైకంలోన అయిపోయింది,” అన్నాడు. “మైకం చెయ్యెత్తదు,” అన్నారామె. ఆ మాటకు నాన్న లేచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు తనే తిరిగొచ్చి కూర్చున్నాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, వేసవి సెలవులకు ఇంటికి రమ్మని నాన్న కబురు పంపాడు. అప్పటికి మానేసి చాలా కాలమైంది. వార్డెన్, నాన్నమ్మ, టీచర్లు అందరూ ఒకటే మాట: మారిపోయాడు, ఇక నమ్ము. నేను సుభద్ర గారి దగ్గరికి వెళ్ళి, “నమ్మాలా?” అని అడిగాను.

“నమ్మడం నీ పని కాదు. నమ్మేలా ఉండటం ఆయన పని. వెళ్ళాలనుంటే వెళ్ళు. వెళ్ళేముందు తిరుగు బస్సులు ఏ వేళకున్నాయో కనుక్కో. ఏమాత్రం తేడాగా అనిపించినా ఎక్కేసి వచ్చెయ్. నిజమా కాదా అని తేల్చుకోవడానికి అక్కడే ఉండిపోకు.”

ఆ సెలవుల్లో బస్సు ఎక్కాల్సిన అవసరం రాలేదు. ఆ వేళలు మాత్రం ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాన్న వేట మానేసి వలలు బాగుచేస్తాడు. ఏటా మాల వేసుకుంటాడు. ఏటా, తీసిన మర్నాడు తెల్లారేసరికి విజయనగరం బస్సు ఎక్కి సుభద్ర గారి గది ముందు కూర్చునేవాడు. ఆమె రిటైరయ్యాక వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. ఆమె టీ ఇచ్చేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. చాలా ఏళ్ళు నాన్న వెళ్ళింది నిజమో కాదోనని ఆమెకు ఫోన్ చేసి కనుక్కునేదాన్ని. ఆమె విసుక్కోకుండా, “వచ్చారమ్మా. బాగున్నారు,” అనేవారు.

నిన్న నాన్న ఫోన్ చేశాడు.

“ఏటే, తిన్నావా?”

“తిన్నాను. ఏటి సంగతి?”

“మేడమ్ గారు లేరు కదా. ఈ ఏడు మర్నాడు నానెక్కడికెల్లాల?” అన్నాడు.

అది నిజంగా తెలియక అడిగిన ప్రశ్నో, నన్ను కరిగించడానికి అడిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆమె ఉంటే రెండోసారి అడిగేవారు. నేను కూడా అడిగాను.

“నిజంగా ఎల్లాలనుందా నాన్నా?”

“ఎల్లకపోతే ఏటవుతాదో నాకెరికే కదే.”

“అయితే నా దగ్గరికి రా. తెల్లారే బస్సుకి.”

ఆ రోజుకు సెలవు పెట్టాను. ఆయన వస్తాడని నమ్మి పెట్టలేదు. వస్తే, తలుపు తీయడానికి ఒక మనిషి ఉండాలి కదా అని పెట్టాను.