చిన్నమ్మ సాక్ష్యం

ఆళ్లగడ్డ మద్దిలేటికి ఒకటే అలవాటు: పోయినవాళ్లను అడగనిదే ఏ పనీ చేయడు. గొడుగు కొనాలన్నా, గొర్రెను అమ్మాలన్నా తల పక్కకు వంచి, వినవలసింది విని, "సరే" అనేవాడు.

1958లో అతని సవతితల్లి రంగనాయకమ్మ పోయింది. ఆమెకు పిల్లలు లేరు. బావిచేను మద్దిలేటికేనని పదిమందిలో మాట ఇచ్చింది. కర్మాంతరం కాగానే ఆమె తమ్ముడు శేషయ్య ఒక వీలునామా బయటికి తీశాడు. కింద ఆమె వేలిముద్ర. చేనంతా శేషయ్యకే.

మద్దిలేటి నంద్యాలకు పోయి వకీలు జీవరత్నాన్ని కలిశాడు.

"ఇది దొంగదని తేలితే చేను నీకొస్తుంది. సాక్షులున్నారా?" అన్నాడు జీవరత్నం.

"చిన్నమ్మ ఉంది గదప్పా."

"ఆమె చనిపోయింది కదయ్యా."

"అవును. ఇంగ ఆమెకు ఎవరి భయమూ లేదు. బస్సులో నాతోనే వచ్చింది. నీ కుర్చీ ఎనకాలనే నిలబడుకోని ఉంది."

జీవరత్నానికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా ఆ రోజు సాయంత్రందాకా కుర్చీలో వెనక్కి వాలలేదు.

వాయిదా రోజు మద్దిలేటి బెంచీ మీద తన పక్కన ఒక మనిషికి చోటు వదిలాడు. కోర్టు కిక్కిరిసినా అక్కడ ఎవరూ కూర్చోలేదు. కత్తిపోట్ల కేసులో వచ్చినవాడు కూడా గోడకానుకుని నిలబడ్డాడు.

"ఆమె బతికుండగానే, నా ఎదుటే వేలిముద్ర ఏసింది" అంటున్నాడు బోనులో సాక్షి సుబ్బయ్య.

మద్దిలేటి తల వంచాడు. "ఏందీ చిన్నమ్మా? పిడికిలి బిగుసుకోనుంటే ఆముదం పూసి వేలు ఇప్పినారా?"

కసరవలసిన జడ్జిగారు ఎందుకో కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ముద్ర చుట్టూ గుండ్రంగా నూనె మరక తేలింది.

సుబ్బయ్య బెంచీ మీది ఖాళీ చోటునే చూస్తూ, "చెయ్యి అప్పటికే సల్లగుండె సామీ" అన్నాడు.

వీలునామా చెల్లలేదు. బయటికి రాగానే జీవరత్నం మద్దిలేటిని పక్కకు లాగాడు.

"ఆముదం సంగతి నీకెట్లా తెలుసు?"

"శేషయ్య కోడలు కొండమ్మ చూసిందప్పా. మొగుడు పోయిన బిడ్డ. పేరు బయటికొస్తే ఆ ఇంట్లో ఉండనిస్తారా? చిన్నమ్మనైతే యాడికీ ఎల్లగొట్టలేరు గదా."

"అయితే ఆమె మాట్లాడేదంతా ఉత్తదేనా?"

"ఉత్తదెట్లయితాది? తనకు చాకిరీ చేసినందుకు చేనులో సగం కొండమ్మకు రాయమని ఇప్పుడే చెప్తాంది. కాగితాలు నువ్వే రాయాలంట."

"రాస్తానమ్మా" అన్నాడు జీవరత్నం. ఎవరితో అన్నాడో అతనికే తెలియలేదు.