అరవై రికార్డుల్లో ఒకే అంకె

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఒకదానిలో నేను ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూస్తాను. చూస్తాను అంటే, ఎక్కువగా రికార్డుల మీద సంతకాలు పెడతాను. ఆ పనిలో నా వేగం చూసి నాకు మొన్నటిదాకా గర్వంగా కూడా ఉండేది.

ఆ సెమిస్టర్ ప్రయోగాల్లో ఒకటి, వృత్తాల లెక్కల్లో వచ్చే π విలువను అంచనా వేయడం. చతురస్రంలో సరిగ్గా పట్టే వృత్తం ఒకటి గీసి, ఆ చతురస్రంలో కంప్యూటర్ చేత ఎక్కడపడితే అక్కడ వెయ్యి చుక్కలు వేయించాలి. కళ్లు మూసుకుని పళ్లెం మీదికి జొన్నలు చల్లినట్టే. అన్నిట్లో ఎంత వంతు వృత్తంలో పడ్డాయో చూసి, దాన్ని నాలుగుతో గుణిస్తే π విలువకు దగ్గరగా ఏదో ఒకటి వస్తుంది. ఎవరి చుక్కలు వాళ్లవి కాబట్టి ఎవరి జవాబు వాళ్లదే. ఇదంతా బోర్డు మీద రాసి చెప్పింది నేనే.

రికార్డులు వచ్చాయి. క్లాసు ఫస్టు వచ్చే అబ్బాయికి 3.148 వచ్చింది. కాబట్టి అందరికీ 3.148 వచ్చింది. మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయికి మాత్రం 3.112. అందరికీ ఒకటొస్తే నీకొక్కదానికే వేరే ఎందుకొచ్చిందని వెనక్కి పంపాను. మళ్లీ నడిపితే 3.180 వచ్చిందని ఏదో చెప్పబోయింది. నా ముందు ఇంకా ఇరవై రికార్డులున్నాయి, వినలేదు. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మూడోసారి ఆమె వైట్‌నర్ పూసి, దాని మీద 3.148 అని రాసుకొచ్చింది. ఇప్పుడు సరిగ్గా వచ్చిందని మెచ్చుకుని మరీ సంతకం పెట్టాను.

పరీక్ష తీసుకోవడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన రికార్డులు నిజంగా తెరిచి చదివే రకం. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలియదు. నాలుగు రికార్డులు తిప్పేసరికే ఆయనకు నవ్వొచ్చింది. అయిదోది ఆ అమ్మాయిది. అదే ప్రోగ్రామ్ తన ముందు నడపమన్నాడు. 3.164 వచ్చింది.

"రికార్డుల వేరే ఉన్నదేందమ్మా? కాపీ కొట్టినవా?"

అవునంటే ఆమె మార్కులు పోతాయి. నా పేరు చెబితే ఇంకో రెండేళ్లు నా క్లాసులోనే కూర్చోవాలి. ఆమె ఒకసారి నా వైపు చూసి తల వంచుకుంది.

నాకు నిజంగా సిగ్గేసింది. "నేనే దిద్దించిన సార్" అన్నాను. "ఆమెకొచ్చిన అంకె వేరే."

ఆయన వైట్‌నర్‌ను గోటితో గీకాడు. కింద 3.112 బయటపడింది.

"అయితే గింత పెద్ద క్లాసుల ప్రోగ్రామ్ నడిపింది ఇద్దరే అన్నట్టు" అని ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేశాడు. నాకు మార్కులు వేసే గడి ఆ కాగితంలో లేదు కాబట్టి బతికిపోయాను.

తర్వాతి సెమిస్టర్‌లో మొదటి రికార్డు తెచ్చింది ఆమే. అలవాటు కొద్దీ పెన్ను మూత తీశాను.

"మేడమ్, ఈసారి ఏ అంకె రావాలె?" అని అడిగింది. మొహంలో నవ్వు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

పెన్ను పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.