మెడ వరకు క్షేమం

వజ్రమ్మ చేసిన పొరపాటు బీడీలు చుట్టే ఇంట్లో తప్ప మరెక్కడా జరగదు. ఎండుచేపలు కడిగిన చేతులను కొంగుకు తుడుచుకుని చాట ముందు కూర్చుంది. ఆ వేళ్లతోనే తునికాకు చుట్టింది, బీడీలకు దారం కట్టింది. సాయంత్రానికి దారపు ఉండ మొత్తానికి చేపల వాసన పట్టింది. ఆమె పొయ్యి దగ్గరికి లేచిన వెంటనే కుక్క దాన్ని మింగింది.

ఆ కుక్క పేరు దొర. పెట్టింది ఆమె భర్త రాజం. అతని తాత ఊరి దొర గడీ ముందు నుంచి వెళ్లవలసి వస్తే చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. కాబట్టి దొరను పిలిచి, వచ్చాక "కూసో" అనడంలో రాజానికి ఒక తృప్తి ఉండేది.

అప్పట్లో రాజం కల్లు గీసేవాడు. ఈతచెట్టు దిగి, నడుముకు కట్టిన మోకు విప్పి, రెండుసార్లు చప్పట్లు కొట్టేవాడు. కుక్క ఎక్కడున్నా వచ్చేది, సద్దిలో ఒక ముద్ద దానికి దక్కేది. వానలు లేక ఈతచెట్లు ఎండిపోయాక రాజం మస్కట్‌లో కట్టడాల పనికి వెళ్లాడు. మోకు దూలానికి, కుక్క వజ్రమ్మకు మిగిలాయి.

దొర కక్కుతూ, పొట్ట ముట్టుకోనివ్వకుండా మూలగడంతో ఆమె దాన్ని గోనెసంచి మీద పడుకోబెట్టి ఆటోలో జగిత్యాలకు తీసుకెళ్లింది. పశువుల డాక్టరు పొట్ట కోసి, పేగుకు చుట్టుకున్న దారాన్ని తీసి పళ్లెంలో చూపించాడు.

"గింత దారం ఎట్ల మింగిందమ్మా?"

"నా చేతులు గబ్బు సారు."

"రేపటినుంచి మెత్తటి గంజి పెట్టు. తింటేనే బతుకుతది. తినకుంటే మళ్ల తోల్కరా, గని అప్పుడు నేనేం చెప్పలేను."

వజ్రమ్మ కుట్లమీద గుడ్డ చుట్టింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే తమ్ముడు ఇచ్చిన గుడ్డ అది. తన జాకెట్టుకు దాచుకున్నది. గంజి కలిపి ముందు పెడితే దొర మొహం తిప్పుకుంది. మర్నాడూ తిప్పుకుంది. ఎవరి చాటలోదైనా అడగకుండా తినే కుక్క అది.

పక్కింటి ఎల్లవ్వ గడపలో నిలబడి చూసింది. "మనకు జరమస్తే ఓ గోలి మింగి పండుతం. కుక్కకు ఆపరేషనా వజ్రమ్మా?"

"ఆయన కుక్క అవ్వా. అచ్చేదాక ఉండాలె."

"ఆయనకు చెప్పినవా మరి?"

"ఎట్ల చెప్త?"

దుబాయి, మస్కట్ పోయినవారున్న ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇక్కడి చెడ్డ కబురు అక్కడికి, అక్కడిది ఇక్కడికి చేరకూడదు. ఫోనులో మొహాలు మెడ వరకే కనబడతాయి. మెడ వరకు అందరూ క్షేమమే.

ఏదో ఆలోచన వచ్చి వజ్రమ్మ చప్పట్లు కొట్టి చూసింది. దొర చెవి కూడా కదపలేదు. బీడీలు చుట్టే వేళ్ల చప్పుడు వేరు, మోకు పట్టిన అరచేతుల చప్పుడు వేరు. శుక్రవారం రాజం ఫోను వచ్చేసరికి గంజి మీద పొర కట్టింది.

"మంచిగున్నరా?"

"మంచిగున్నం. నువ్వు?"

"మంచిగున్న."

ఇక్కడితో కట్టుబాటు తీరింది. వజ్రమ్మ గొంతు సవరించుకుంది.

"ఒక్కసారి చప్పట్లు కొట్టయ్యా."

"ఎందుకే?"

"దొర తింటలేదు. కడుపు కోసిండ్రు. దారం మింగింది."

"మరి చెప్పవైతివి?"

"రంది పెట్టుకుంటవని. ముందు కొట్టు, తర్వాత తిట్టు."

"చప్పట్లు... రావు."

"చప్పట్లు రాకపోవుడేంది?"

రాజం ఫోనును గోడకు ఆనించి వెనక్కి జరిగాడు. ఎడమ చేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు ఉంది. అది పాతబడి, మాసిపోయి ఉంది. "నిచ్చెన మీదికెల్లి పడ్డ," అన్నాడు.

వజ్రమ్మ కట్టునే చూసింది. "ఈదచెట్లు ఎక్కి దిగినోనివి, నిచ్చెన మీదికెల్లి పడ్డవా?"

"ఈదచెట్టు కదలదు. నిచ్చెన కదిలింది."

గదిలో అతనితో ఉండే కోరుట్ల కొమురెల్లి ఇదంతా విని మంచం మీద నుంచి లేచాడు. కల్లు గీసిన చేతులే అతనివీ. "నా చెయ్యి పట్టు అన్నా," అని తన ఎడమ అరచేయి చాపాడు. రాజం కుడిచేత్తో దాన్ని చరిచాడు. ఒకసారి. ఇంకోసారి.

వజ్రమ్మ ఫోనును నేలమీద గిన్నె పక్కన పెట్టింది. దొర చెవి లేచింది. తల లేచింది. ఫోనును వాసన చూసి, అందులో ముద్ద లేదని నిర్ధారించుకుని, గంజిలో మూతి పెట్టింది.

"తింటున్నదా?"

"తింటున్నది. కొట్టుండ్రి, ఆపకుండ్రి."

కొమురెల్లి అరచేయి ఎర్రబడే వరకు కొట్టారు. గిన్నె ఖాళీ అయ్యాక వజ్రమ్మ గుడ్డ విప్పి, ఫోనును తిప్పి కుక్క పొట్ట మీది కుట్లు చూపించింది, ఒక్కటి కూడా వదలకుండా. తర్వాత ఫోనును తనవైపు తిప్పుకుంది.

"ఇగ నువ్వు చూపియ్యి. ఇంకా వెనుకకు జరుగు. కాళ్ల దాక."