ఆయుధపూజ మరునాడు ఆగిన కంప్యూటరు

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న పొద్దున హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. వారం కిందటే ఆయనతో మాట్లాడాను. నమ్మలేక రెండుసార్లు అడిగాను. వాళ్లమ్మాయి ఏడుస్తూ మళ్లీ అదే మాట చెప్పింది.

పెనుకొండలో ఆయన మాకు కంప్యూటర్ను నడిపించే లినక్సు నేర్పారు. స్విచ్చు వేయగానే నల్ల తెర మీద లైన్లు పరుగెడతాయి చూడండి, వాటిని బయటికి చదివించేవారు. ఏది ముందు లేస్తుంది, ఏది దేనికోసం ఆగుతుంది అని ప్రాణం తీసేవారు. తప్పు చెబితే చాక్‌పీసు విసిరేవారు. ఒక్కసారీ తగల్లేదు గానీ, నాకు ఒళ్లు మండేది.

ఆ చదువెందుకో ధర్మవరంలో మా ఇంట్లో తెలిసొచ్చింది. నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. ఆ కాగితాలను చెదలు తినేశాయి. మిగిలినవల్లా నేను కంప్యూటర్లోకి ఎక్కించినవే. కాపీ పెట్టుకుందామని బయట తగిలించే డిస్కు ఒకటి కొన్నాను. స్విచ్చు వేయగానే కంప్యూటరే దాన్ని వెతికి పట్టుకునేలా సెట్టింగు రాశాను గానీ, కాపీ చేయకుండా బద్ధకించాను.

ఆయుధపూజ మరునాడు స్విచ్చు వేస్తే కంప్యూటరు లేస్తూ సగంలో ఆగింది. మూడుసార్లు ఆపి వేసినా అదే నల్ల తెర, పాస్‌వర్డు అడుగుతూ. పక్క షాపాయన అన్నీ తుడిచి కొత్తగా ఎక్కించే పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టి, "డిజైన్లు ఇంగ యాడుంటాయమ్మా? తుడిచేసి కొత్తగా ఎక్కిచ్చుకో" అన్నాడు. నాయన గడపలో నిలబడి చూస్తున్నాడు. తుడిచేయడానికి ఎంటర్ మీద వేలు పెట్టాను. నొక్కకుండా సార్‌కు ఫోన్ చేశాను.

"చెయ్యి తీయి పాపా. ఏమీ ముట్టుకోవద్దు. రైలుకొస్తాండా."

సార్ వచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. పెన్‌డ్రైవ్ తీయించి, మళ్లీ స్విచ్చు వేయించి, పాస్‌వర్డు కొట్టించి, కింది లైను నుంచి పైకి చదవమన్నారు. నేను గబగబా చదవబోయాను.

"నిదానంగా చదువు. చెడిపోయిందని ఎవురు చెప్పినారు? అది ఎవురికోసమో కాచుకోనుండాది. ఎవురికోసమో చూడు."

చూశాను. కొత్త డిస్కు కోసం! నిమిషమున్నర ఎదురుచూసి, రాలేదని ఆగిపోయింది.

"యాడుండాది ఆ డిస్కు?"

"పూజలో ఉండాది సార్" అన్నాడు నాయన. మగ్గానికి, కత్తెరకు బొట్లు పెడుతూ, కొత్త వస్తువు కదా అని అవ్వ దాన్నీ ఊడదీయించి దేవుడి గూట్లో పెట్టించింది. తీసి తగిలించడం అందరం మరిచాం.

సార్ వెంటనే డిస్కు తెమ్మనలేదు. నేను రాసిన సెట్టింగు తెరిపించి, 'నోఫెయిల్' అనే మాట నాతోనే చేర్పించారు. "ఇది రాకపోయినా ఆగొద్దు, లేచి పని చేసుకో అని దానికి చెప్తాండావు" అన్నారు. మిషను లేచింది. డిజైన్లన్నీ ఉన్నాయి. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు డిస్కు తెప్పించి తగిలించారు; కాపీ పూర్తయ్యేదాకా సార్ కుర్చీలోంచి కదల్లేదు. ఆ రోజు ఆయన రాకపోతే నాయన పనంతా నా చేతులతోనే తుడిచేసేదాన్ని.

నిన్న హిందూపురంలో అన్నీ అయ్యాక ఇంటికొచ్చి కంప్యూటర్ వేశాను. డిస్కు పక్కనే ఉంది, చెరగని బొట్టుతో. తగిలించలేదు. అది రాలేదని ఒక లైను రాసి, మిషను ఆగకుండా లేచింది. ఆ లైను దగ్గర నాకు ఏడుపొచ్చేసింది. స్విచ్చు ఆపి మళ్లీ వేసి, మొదటి లైను నుంచి బయటికి చదవడం మొదలుపెట్టాను.